నొప్పి తెలియని పాదాలు

ఉగాది దగ్గర పడుతోందంటే మా గట్టు మండలం వైపు ఆసుపత్రికి వచ్చే రోగాలు మారిపోతాయి. జ్వరాలు, దగ్గులు వెనక్కి పోయి పాదాలు ముందుకొస్తాయి. రాయచూరు దిక్కు నుంచి శ్రీశైలం మల్లన్న దగ్గరికి నడిచిపోయే కన్నడ భక్తుల్లో కొన్ని గుంపులు కృష్ణా, తుంగభద్రల నడుమ ఉన్న మా నడిగడ్డ మీదుగానే సాగుతాయి. భుజాన కావడి లాంటి కంబి, నెత్తిన మూట, మూటలో భ్రమరాంబకు పెట్టే చీరె, పసుపు, కుంకుమ. అమ్మవారు వాళ్లకు ఇంటి ఆడబిడ్డ, మల్లన్న అల్లుడు. ఆడబిడ్డకు సారె మోసుకుపోయేటప్పుడు ఎండా దూరమూ లెక్కలోకి రావు. కొందరైతే కాళ్లకు కర్రలు కట్టుకుని వాటి మీదే నడుస్తారు. మా ఊళ్లవాళ్లూ వాళ్లతో కలుస్తారు. సరిహద్దు పల్లెల్లో వియ్యమూ బేరమూ మొక్కూ అన్నీ ఇరువైపులా ఉన్నవే.

కర్నూలు, ఆత్మకూరు దాటి వెంకటాపురం చేరాక అడవి దారి మొదలవుతుంది. నాగలూటి వీరభద్రుని గుడి, పెద్దచెరువు, మఠంబావి, భీముని కొలను, కైలాసద్వారం. రోడ్లు లేని రోజుల్లో శ్రీశైలానికి ఇదే పెద్ద దారుల్లో ఒకటి. వైద్య శిబిరానికని పోయి, ఒకరోజు నేనూ వాళ్ల వెంట నడిచాను. వేకువజామున బయలుదేరినప్పుడు అందరి అడుగూ ఒకటే. పొద్దెక్కాక తేడా తెలిసింది. అడవి కదా, నీడ ఉంటుందనుకుంటాం. నల్లమల ఆకు రాల్చే అడవి. ఉగాది నాటికి చాలా చెట్లు మోడులై ఉంటాయి, కింద రాయి కాలుతుంది. ఒట్టికాళ్లతో నడిచేవాళ్లలో ఎక్కువమంది కుంటడం మొదలుపెట్టారు. మడమ మీది బరువు మునివేళ్ల మీదికి మార్చేవాళ్లు, పక్కనున్న మట్టి మీదికి జరిగేవాళ్లు, కూర్చుని పాదం ఒత్తుకునేవాళ్లు. వాళ్లను చూసి నాకు దిగులు కలగలేదు. కుంటకుండా, ఆగకుండా, పొద్దున ఎట్లా నడిచారో అట్లాగే నడుస్తున్న పెద్దవాళ్లు ఇద్దరు ముగ్గురు కనిపించారు. దిగులు వాళ్లను చూస్తేనే. అడిగితే షుగర్ ఉందన్నారు.

నొప్పి తెలియని పాదానికే ముప్పు ఎక్కువన్న సంగతి వైద్యలోకానికి విప్పిచెప్పినవాళ్లలో ముఖ్యుడు పాల్ బ్రాండ్. 1914లో తమిళనాడు కొల్లిమలల్లో పుట్టిన శస్త్రవైద్యుడు, వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో కుష్ఠురోగుల చేతులకూ కాళ్లకూ ఏళ్ల తరబడి చికిత్స చేశాడు. వేళ్లు వ్యాధి వల్ల రాలిపోతాయని అందరూ నమ్ముతున్న కాలంలో, నొప్పి తెలియకపోవడం వల్లే ఆ గాయాలవుతున్నాయని ఆయన చూపించాడు. మామూలు మనిషి పాదం చిన్న మంట పుట్టగానే నడక మార్చుకుంటుంది. స్పర్శ పోయిన పాదం అదే చోట, అదే బరువుతో, వేల అడుగులు వేస్తుంది. చర్మం కింద కండ ముందు నలుగుతుంది, తర్వాత పుండవుతుంది. షుగర్ వల్ల నరాలు మొద్దుబారిన పాదానికి జరిగేదీ అదే.

నేను వాళ్ల వెంట నడిచిన ఏడే ఒక మనుమడు వాళ్ల తాతను తీసుకొచ్చాడు. అరవై దాటిన రైతు, యాత్రలోంచి జ్వరంతో తిరిగొచ్చాడు.

"తాతా, కాలు ఇట్ల పెట్టు."

"కాలికేం కాలే సార్. జరమొచ్చింది, గంతే."

అరికాలు కడిగిస్తే మధ్యలో విరిగిన తుమ్మముల్లు. చుట్టూ నల్లబడి వాసన వస్తోంది.

"ఎన్నడు గుచ్చుకుంది తాతా?"

"గుచ్చుకోనే లేదు సార్!"

ఆయన అబద్ధం చెప్పలేదు. ముల్లు దిగిన కబురు ఆయన దాకా రాలేదు. పైగా మొక్కులో ఉన్నన్నాళ్లూ షుగర్ మాత్ర ముట్టకూడదని ఎవరో చెబితే మానేశాడు. కర్నూలు పంపాం. రెండు వేళ్లు తీసేశారు, పాదం దక్కింది.

ఇంకో రకం ముప్పు ఉంది. దాన్ని మనమే తెచ్చిపెడతాం. పత్తి సీడు చేలల్లో పనిచేసే పాతికేళ్ల పిల్లగాడు, ఉక్కులాంటి ఒళ్లు. తొడలు పట్టేశాయని దారిలో రెండు చోట్ల నొప్పుల సూది వేయించుకుని నడక ఆపలేదు. నా దగ్గరికి వచ్చేసరికి మూత్రం ముదురు గోధుమరంగులో, చాలా కొద్దిగా వస్తోంది. ఓర్పుకు మించి నడిస్తే కండ చిట్లి అందులోని మయోగ్లోబిన్ రక్తంలో కలిసి కిడ్నీలను దెబ్బతీస్తుంది. ఒంట్లో నీరు తగ్గి ఉన్నప్పుడు డైక్లోఫెనాక్ లాంటి మందు కిడ్నీకి అందే రక్తాన్ని ఇంకా తగ్గిస్తుంది. నొప్పి ఆగమన్నప్పుడు ఆగి ఉంటే అంత దూరం వచ్చేది కాదు. రోజుల తరబడి సెలైన్ ఎక్కించాక కోలుకున్నాడు. భక్తితో సేవ చేసేవాళ్లే ఈ సూదులు వేయిస్తున్నారని తెలుసు. అయినా చెప్పక తప్పదు: నడిచేవాడికి నొప్పుల సూది సేవ కాదు, హాని.

వాళ్లే దారి పొడవునా పోసే ఉప్పు మజ్జిగ మాత్రం మంచి వైద్యం. చెమటతో ఉప్పు పోతుంటే ఉత్త నీళ్లే తాగుతూ పోయిన ఒక అవ్వ సోడియం పడిపోయి మనుషుల్ని గుర్తుపట్టని స్థితిలో వచ్చింది. ఓఆర్ఎస్ పొట్లంలో లీటరు నీటికి 2.6 గ్రాముల ఉప్పు, 13.5 గ్రాముల గ్లూకోజు ఉండేది ఊరికే కాదు, ఆ పాళ్లలోనే పేగు నీటిని బాగా పీల్చుకుంటుంది.

నడవొద్దని నేను ఎవరికీ చెప్పను. ఆ దారిలో నడిచేవాళ్ల ముఖాలు చూశాక ఆ మాట నోట రాదు. స్పర్శ పోయినవాళ్లు మాత్రం ఒట్టికాళ్లతో నడవకూడదు. కుష్ఠురోగుల కోసం వచ్చిన మెత్తటి ఎంసీఆర్ (మైక్రోసెల్యులర్ రబ్బరు) చెప్పులు షుగర్ పాదాలకూ పనికొస్తాయి. గుడి మెట్టు దగ్గర విప్పితే చాలు, మల్లన్న తప్పు పట్టడు. బీపీ, షుగర్ మందులు సొంతంగా మానకూడదు. ఎండలో నడిచే రోజుల్లో ఏ మాత్ర ఎంత వేసుకోవాలో బయలుదేరే ముందే డాక్టరును అడగాలి.

ఈ ఉగాదికి మీ ఇంట్లో షుగర్ ఉన్న పెద్దవాళ్లు నడక మొక్కుకుంటే వెంట పోయే పిల్లలకు ఒక మాట చెప్పండి. ప్రతి మజిలీలో, పడుకునే ముందు, వాళ్ల అరికాళ్లు కడిగి, టార్చి వేసి, వేళ్ల సందులు కూడా చూడమనండి. నొప్పి లేదని వాళ్లు చెప్పినా సరే, చూడమనండి.