ఫరహాబాదులో ఒక ఉదయం

ఉర్దూలో ‘ఫరహ్’ అంటే ఆనందం. ఆ పేరు ధరించిన నల్లమల కొండసీమ ఫరహాబాదుకు విహారార్థం బయలుదేరాము. మన్ననూరు దాటగానే జీపులో పాటలు, కేరింతలు మిన్నంటాయి. త్రోవ చూపుతున్న చెంచు యువకుడు బండి ఆపించి, “జరసేపు సప్పుడు చేయకుండ్రి సారూ, అడవి మాట్లాడుతది” అన్నాడు. సిగ్గుతో మౌనం వహించాము.

అప్పుడు వినిపించాయి: ఎండుటాకులపై జింకల అడుగులు, వెదుళ్ల రాపిడి, దూరాన నెమలి క్రేంకారం. కొండ అంచున నిలిచి చూడగా కనుచూపుమేర అరణ్యమే.

1983లో పులుల సంరక్షణ పథకంలో చేరిన అడవి ఇది. చెంచులకు తరతరాల ఇల్లు. ఒకరి ఇంటికి అతిథులమై వెళ్లి కేకలు వేయుట మర్యాదయా? ఆనందాన్ని మేము పట్టణం నుండి మోసుకొని వెళ్లాము. అది అక్కడే ఉన్నదని ఆ యువకుడు తెలిపాడు.

తిరుగుప్రయాణంలో ఎవ్వరమూ పాట పెట్టలేదు.