పటంలో ఉన్నది మా నాయినమ్మేనా?

ఫొటోను పెయింటింగ్‌లా మార్చాలంటే ఇప్పుడు వేలితో ఒక్కసారి నొక్కితే చాలు. 2016లో ప్రిస్మా యాప్ వచ్చినప్పుడు మనమంతా ఎగబడ్డాం. 2025 మార్చిలో జిబ్లీ బొమ్మలొచ్చాక వారం తిరక్కుండానే వాట్సాప్ డీపీలన్నీ కార్టూన్లయిపోయాయి. మీరూ ఒకటి చేయించుకునే ఉంటారు. నేనూ చేయించుకున్నా. బాగానే వచ్చింది కూడా.

అయితే ఈ మోజు కొత్తదేం కాదు. స్మార్ట్‌ఫోన్ రాకముందే సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ఫొటో స్టూడియోల్లో ఇదే పని జోరుగా నడిచింది. పెళ్లికూతుర్ని వాటర్ కలర్ బొమ్మ చేయడం, కరిష్మా ఆల్బమ్ మొదటి పేజీకి ఆయిల్ పెయింటింగ్ లుక్ ఇవ్వడం, జాతర ఫ్లెక్సీలో నాయకుడి ముఖానికి నల్లటి అంచులు గీయడం... అన్నీ ఫొటోషాప్‌లోని ఆర్టిస్టిక్ ఫిల్టర్ల పుణ్యమే. ఇంటర్ అయ్యాక సెలవుల్లో సూర్యాపేటలో ఒక స్టూడియోలో కూర్చుని నేను నేర్చుకున్న మొదటి విద్య కూడా అదే.

డబ్బా మానిటర్ రోజులు

ఆ స్టూడియోలో విండోస్ ఎక్స్‌పీ సిస్టమ్ ఉండేది. అందులో ఫొటోషాప్ 7.0. అది 2002లో వచ్చిన వెర్షన్. తర్వాత ఎన్ని కొత్తవి వచ్చినా మన దగ్గర చాలా స్టూడియోలు దాన్ని వదల్లేదు. ర్యామ్ తక్కువున్నా నడుస్తుంది, చేతికి అలవాటైన షార్ట్‌కట్లు, తెలుగు అక్షరాలకు అను ఫాంట్లు. ఇంకేం కావాలి?

ఫిల్టర్ మెనూలో ‘ఆర్టిస్టిక్’ అని ఒక వరస ఉంటుంది. అందులో మొత్తం 15. కలర్డ్ పెన్సిల్, కటౌట్, డ్రై బ్రష్, ఫ్రెస్కో, పోస్టర్ ఎడ్జెస్, రఫ్ పాస్టెల్స్, వాటర్ కలర్... ఇలా. ఇవి చాలవన్నట్టు బయటి ప్లగిన్లు వేరే. ప్లగిన్ అంటే పెద్ద బ్రహ్మవిద్య కాదు. ‘8బీఎఫ్’ అనే తోక ఉన్న చిన్న ఫైల్. దాన్ని ఫొటోషాప్‌లోని ప్లగిన్స్ ఫోల్డర్‌లో పడేసి, ఒకసారి మూసి తెరిస్తే, ఫిల్టర్ మెనూ అడుగున కొత్త పేరు కనిపిస్తుంది. అలాంటి ఫైళ్లున్న సీడీ ఒకటి హైదరాబాద్ నుంచి వస్తే, సూర్యాపేటలో కాపీ అయి, కోదాడ బస్సెక్కి, హుజూర్‌నగర్ మీదుగా మిర్యాలగూడ చేరేది. స్టూడియో వాళ్ల మధ్య అదొక ఇచ్చిపుచ్చుకోవడం.

ఈ ఫిల్టర్ల పుట్టుక కథ నాకు తర్వాత తెలిసింది. ఆర్టిస్టిక్ ఫిల్టర్లు అడోబీ సొంతంగా తయారు చేసినవి కావు. ఆల్డస్ అనే కంపెనీ ‘గ్యాలరీ ఎఫెక్ట్స్’ పేరుతో వాటిని విడిగా అమ్మేది. 1994లో ఆల్డస్‌ను అడోబీ కలిపేసుకుంది. 1996లో వచ్చిన ఫొటోషాప్ 4.0 నుంచి ఆ ఫిల్టర్లు లోపలే ఉండిపోయాయి. మన డీటీపీ సెంటర్లలో పెళ్లి కార్డులు, కరపత్రాలు చేసిన పేజ్‌మేకర్ కూడా ఆ ఆల్డస్‌దే. అంటే ఒక్క ముక్కలో చెప్పాలంటే, మన ఊళ్లలో పెళ్లి కార్డు, పెళ్లి ఆల్బమ్ రెండింటి వెనకా ఒకే కంపెనీ వారసత్వం ఉంది!

ఏ ఫొటోకి ఏ ఫిల్టర్?

పనిలేని మధ్యాహ్నాల్లో స్టూడియో అన్న నాకొక ఆట పెట్టేవాడు. ఒక్కో ఫొటో ఇచ్చి, ఏ ఫిల్టర్ నప్పుతుందో చెప్పమనేవాడు. పిల్లలమర్రి గుడి స్తంభాల ఫొటో ఇచ్చాడు ఒకసారి. 1208 నాటి ఎరకేశ్వరాలయం అక్కడే ఉంది. నున్నటి నల్లరాయి, సన్నటి చెక్కుడు పని. దాని మీద కటౌట్ కొడితే అంతా నల్లటి మచ్చ. ఎందుకంటే కటౌట్ అన్ని రంగుల్నీ నాలుగైదు ముక్కలకు కుదించేస్తుంది. ఎక్కువలో ఎక్కువ ఎనిమిది. సన్నటి చెక్కడాలు ఆ ముక్కల్లో కలిసిపోతాయి. అదే పెద్దగట్టు లింగమంతుల జాతర జనం ఫొటోకి కటౌట్ కొడితే కళ్లు చెదిరే పోస్టర్ వచ్చింది. మిర్యాలగూడ రైస్ మిల్లుల మీద పొద్దున్నే కమ్ముకునే మసక వెలుతురుకి వాటర్ కలర్ బాగుంటుందనుకున్నా. కానీ ఆ ఫిల్టర్‌కి నీడల్ని ఇంకా నల్లగా చేసే అలవాటుంది. ముందు ఫొటోను కాస్త వెలిగించి, తర్వాత కొడితేనే నిలబడింది.

ఇంకో పాఠం సైజుది. ఈ ఫిల్టర్లు కుంచె మందాన్ని పిక్సెళ్లలో కొలుస్తాయి. 12 బై 18 అంగుళాల ప్రింట్ 300 డీపీఐలో కావాలంటే 3600 బై 5400 పిక్సెళ్లు. అంత పెద్ద ఫొటో మీద డ్రై బ్రష్‌ను చివరిదాకా, అంటే 10 దాకా లాగినా, ప్రింట్‌లో కుంచె గీతలు కంటికి ఆనవు. అదే ఫిల్టర్‌ను చిన్న ఫొటో మీద 2లో పెట్టినా ముక్కూ మూతీ ఏకమైపోతాయి. అందుకే ఏ సైజులో ఉండగా ఫిల్టర్ కొడుతున్నామన్నదే అసలు పని. ఫోన్ యాప్‌లో ఈ సంగతి మనకు తెలియనే తెలియదు. అది లోపలే జరిగిపోతుంది.

ఇవన్నీ ఆటలాగే ఉండేవి. గతేడాది దాకా.

కందిగింజంత ముఖం

మా నాయినమ్మ కోదాడ దగ్గర పల్లెలో ఉండేది. పోయి ఏడాది కావస్తోంది. ఏడాది మాసికానికి పటం కట్టించాలన్నారు. ఆధార్ కార్డు మీదున్న ఫొటో తప్ప ఇంట్లో ఇంకోటి లేదు. అది చూస్తే మా నాన్నే గుర్తుపట్టలేడు. ‘మిర్యాలగూడలో అత్త పెళ్లి ఫొటో ఉండాలిరా’ అన్నారు. వెళ్లి చూస్తే ఉంది. నలుపు తెలుపు గ్రూప్ ఫొటో. ముప్ఫైమంది నిలబడ్డారు. రెండో వరసలో, ఎవరి భుజం వెనకనుంచో మా నాయినమ్మ ముఖం. కందిగింజంత.

మా తమ్ముడు వెంటనే ఆ ముఖాన్ని ఫోన్‌తో ఫొటో తీసి ఒక ఏఐ యాప్‌కి ఇచ్చాడు. అర నిమిషంలో నిలువెత్తు రంగుల బొమ్మ. నున్నటి బుగ్గలు, విల్లులాంటి కనుబొమ్మలు, కంట్లో మెరుపు, జరీ అంచు చీర. ఫ్యామిలీ గ్రూపులో పెడితే దండాల ఎమోజీలు కుప్పలు. అత్తకి చూపించాం. కళ్లద్దాలు పెట్టుకుని చాలాసేపు చూసింది.

“మంచిగనే ఉంది గానీ... ఎవల్రా ఈమె?”

తమ్ముడు నవ్వేశాడు. నాకు నవ్వు రాలేదు. ఎందుకంటే అత్త అన్నది నిజం. మా నాయినమ్మకి ఎడమ కనుబొమ్మ మధ్యలో తెగి ఉంటుంది. చిన్నప్పుడు ఎద్దు కొమ్ము తగిలిన గాటు. కోపమొస్తే ఆ గాటు దగ్గరే నుదురు ముడిపడేది. ఆ బొమ్మలో గాటు లేదు. పాత ఫొటో మీద గీత పడిందనుకుని యాప్ శుభ్రంగా తుడిచేసింది. ఆ ఖాళీలో లక్షల ముఖాలు చూసి నేర్చుకున్న ఒక కనుబొమ్మను తెచ్చి అతికించింది. అందమైన కనుబొమ్మే. మా ఇంటిది కాదు, అంతే.

పాత సిస్టమ్ దగ్గరికి

ఫొటోను జాగ్రత్తగా 1200 డీపీఐలో స్కాన్ చేయించా. అర సెంటీమీటర్ ముఖం దాదాపు 236 పిక్సెళ్లయింది. అందులో ఆ గాటు నాలుగు పిక్సెళ్లు. మొత్తం మా నాయినమ్మ గుర్తు ఆ నాలుగు చుక్కల్లో ఉంది.

ముందు కోదాడలో మిత్రుడి డీటీపీ సెంటర్‌కి వెళ్లా. అక్కడ కొత్త 64 బిట్ ఫొటోషాప్. ఆర్టిస్టిక్ ఫిల్టర్లు ఉన్నాయి, ఫిల్టర్ గ్యాలరీలోకి చేరాయి. కానీ నా దగ్గరున్న పాత ప్లగిన్లు పెడితే మెనూలో ఒక్కటీ రాలేదు. అవి 32 బిట్‌వి. 64 బిట్ ఫొటోషాప్ వాటిని తెరవదు. నా చేతికి అలవాటైన సరంజామా అంతా సూర్యాపేటలోనే ఉంది. బస్సెక్కా.

స్టూడియో అన్న ఆ పాత సిస్టమ్‌ను ఇంకా పారేయలేదు. దుమ్ము దులిపి ఆన్ చేశాడు. ఫొటో తెరవగానే ఆయన చెయ్యి అలవాటు కొద్దీ హీలింగ్ బ్రష్ మీదికి పోయింది. ఫొటోషాప్ 7.0తోనే వచ్చిన టూల్ అది, గీతలూ మచ్చలూ మాయం చేయడానికి. కనుబొమ్మ దాకా వెళ్లాడు.

“అన్నా, ఆగు. అది గీత కాదు.”

“మరేంది?”

“మా నాయినమ్మ.”

ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఇంకేం అడగలేదు.

ముఖాన్ని నాలుగింతలు పెంచాం. గాటు 16 పిక్సెళ్లయింది. మసకగానే ఉంది, కానీ ఉంది. లేయర్‌ను కాపీ చేసి, కాపీ మీద డ్రై బ్రష్ కొట్టాం. బ్రష్ డీటెయిల్ 3లో పెడితే గాటు కనుబొమ్మలో కలిసిపోయింది. 6లో అనుమానంగా కనిపించింది. 9లో నిలబడింది. కుంచె సైజు 2 దగ్గర ఆపాం. వెనకున్న జనాన్ని వాటర్ కలర్‌తో మెత్తటి మసకలోకి నెట్టేశాం. కళ్ల దగ్గర, గాటు దగ్గర పై లేయర్‌ను సగం చెరిపి కింది అసలు ఫొటోను బయటికి రానిచ్చాం. చివర్లో పటం సైజుకి పెంచి, లేత గోధుమ రంగు వేశాం. దగ్గరనుంచి చూస్తే కుంచె మరకలు. నాలుగడుగులు వెనక్కి వేస్తే మనిషి.

అప్పుడర్థమైంది, ఈ పాత ఫిల్టర్లు మన స్టూడియోలకు ఎందుకంత పనికొచ్చాయో. అవి సోకు కోసమే కాదు. చిన్న ఫొటోను పెద్దది చేస్తే పిక్సెళ్లు పగిలి లోపంలా కనిపిస్తుంది. అదే మసకను కుంచె గీతగా మారిస్తే బొమ్మలా కనిపిస్తుంది. లేనిదాన్ని ఉన్నట్టు చెప్పకుండా, ఉన్న కాస్తనీ మర్యాదగా చూపించే ఉపాయం అది. ఒకే ఒక్క ఫొటో ఉన్న ఇళ్లు మన దగ్గర ఎన్నో కదా!

ఆ ఫిల్టర్ లోపల జరిగేది చాలా సాదా లెక్క. ఒక పిక్సెల్ చుట్టూ ఉన్నవాటిని చూస్తుంది, వాటిని బట్టి రంగు వేస్తుంది. దానికి ముఖం అంటే ఏంటో తెలియదు. కనుబొమ్మ అంటే తెలియదు. తెలియదు కాబట్టే పక్కవాళ్ల కనుబొమ్మ తెచ్చి పెట్టదు. ఏది ఉంచాలో, ఏది పోవాలో చెప్పాల్సింది ఆ స్లైడర్ పట్టుకున్న మనిషే. 3కీ 9కీ మధ్య ఉన్నది మా నాయినమ్మ అని కంప్యూటర్‌కి తెలియదు. నాకు తెలుసు.

పాతదంతా బంగారం అనడం లేదు. అవే ఫిల్టర్లతో నల్లని పెళ్లికూతుళ్లను తెల్లగా చేశారు, కోదాడ దాటని జంటల్ని స్విట్జర్లాండ్ మంచులో నిలబెట్టారు. ఏఐని తిట్టడమూ లేదు. చిరిగిన ఫొటో అంచులు, వెనకున్న గోడ బాగుచేయడానికి నేనూ వాడతా. ముఖం మీదికి రానప్పుడు.

పటం చూసి అత్త ‘అచ్చం మా అమ్మే’ అనలేదు. “కొంచెం నల్లగా వచ్చింది గదరా” అంది. తర్వాత కనుబొమ్మ మీద వేలు పెట్టి, ఎద్దు కథ మొత్తం మొదట్నుంచీ చెప్పింది. ఆ ఎద్దు పేరు కూడా ఉందట. మాకెవ్వరికీ తెలియదు.

మీరూ చేసి చూడండి

పాత ఫొటోషాప్ కోసం వెతకక్కర్లేదు. గింప్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. దానికి జీమిక్ అనే ప్లగిన్ జత చేస్తే వందల ఫిల్టర్లు వస్తాయి, అదీ ఉచితమే. ఇంట్లో ల్యాప్‌టాప్ ఉంటే చాలు.

ఫోన్‌తో ఫొటో తీయకుండా స్కాన్ చేయించండి. పాస్‌పోర్ట్ సైజు ఫొటోకి 600 డీపీఐ, గ్రూప్ ఫొటోలో ముఖానికి 1200. అసలు ఫైల్‌ను ముట్టుకోకుండా కాపీ మీదే పని చేయండి. ఫొటోషాప్‌లో ఆర్టిస్టిక్ మెనూ బూడిద రంగులో కనిపిస్తే కంగారు పడొద్దు. ఫొటో సీఎంవైకే మోడ్‌లో ఉండొచ్చు. ఆర్‌జీబీకి మారిస్తే తెరుచుకుంటుంది.

అన్నిటికంటే ముందు చేయాల్సింది మాత్రం కంప్యూటర్ దగ్గర కాదు. ఆ మనిషిని ఎరిగిన పెద్దవాళ్ల పక్కన కూర్చుని, ఈ మచ్చ ఏంటి, ఈ గాటు ఏంటి అని అడగండి. వాళ్లు చెప్పింది, ఎవరు ఎవరో, మెత్తటి పెన్సిల్‌తో ఫొటో వెనక రాసి పెట్టండి. ఫిల్టర్ ఎప్పుడైనా కొట్టుకోవచ్చు. చెప్పేవాళ్లు మాత్రం ఎప్పుడూ ఉండరు.