గడియారపు సెల్లు - పొదుపు

కాలం విలువను గురించి ప్రత్యేకంగా ఉపన్యాసం అక్కరలేని ఊళ్లలో మందమర్రి ఒకటి. గనికి మూడు షిఫ్టులు. వేళ తప్పినవానికి ఆ పూట మస్టరు పోతుంది. నమాజుకు ఐదు వేళలు, కళాశాలకు గంట. కనుక ఇక్కడ చేతి గడియారం అలంకారం కాదు, సంసారానికి కావలసిన సామాను. అట్టి గడియారంలో సెల్లు వేయించే ఖర్చును గురించి మేము నాలుగు మాటలు వ్రాయదలచాము. విషయం చిన్నదే. కాని పొదుపుకూ పిసినారితనానికీ మధ్య గల గీత ఇటువంటి చిన్న విషయాలలోనే స్పష్టంగా కనిపిస్తుంది.

మా తండ్రిగారి తరానికి ఈ చింత తక్కువ. జపాను సిటిజన్ సంస్థ సహకారంతో 1961లో బెంగళూరులో ఆరంభమైన హెచ్.ఎం.టి. కర్మాగారం 'జనతా' వంటి కీ గడియారాలను సామాన్యుని చేతికి అందించింది. మా అబ్బాజాన్ ఇషా నమాజు చేసి వచ్చి, పడుకునే ముందు గడియారానికి కీ ఇచ్చేవారు. అది ఖర్చులేని పని. 1969 డిసెంబరులో జపానుకు చెందిన సీకో సంస్థ క్వార్ట్జ్ చేతి గడియారాన్ని మార్కెట్టులోకి తెచ్చింది. మన దేశంలో 1984లో స్థాపితమైన టైటాన్ ఆ రకానికి విశేష ప్రచారం కల్పించింది. హెచ్.ఎం.టి. గడియారాల విభాగం మూసివేతకు 2016లో కేంద్ర ప్రభుత్వం ఆమోదం తెలిపింది. కీ పోయింది, సెల్లు వచ్చింది.

క్వార్ట్జ్ గడియారంలోని స్ఫటికపు ముక్క సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. లోపలి సర్క్యూటు ఆ సంఖ్యను పదిహేను మార్లు సగం చేసి, సెకనుకు ఒక్క అడుగుగా మార్చి ముల్లును నడుపుతుంది. ఈ పనికంతటికీ శక్తి చొక్కా గుండీ కంటె చిన్నదైన సెల్లుదే.

దుకాణంలో ఒకే రూపంలో రెండు రకాల సెల్లులు దొరుకుతాయి. ఎస్.ఆర్.626 అని ఉన్నది సిల్వర్ ఆక్సైడుది. ఎల్.ఆర్.626 అని ఉన్నది ఆల్కలైన్. మొదటిది ఇంచుమించు చివరిదాకా 1.55 వోల్టులను నిలుపుతుంది. రెండవది క్రమంగా నీరసిస్తుంది, కారే భయమూ ఎక్కువ. మాటవరుసకు, తక్కువ రకం 30 రూపాయలకు వచ్చి పది నెలలు, మేలు రకం 60 రూపాయలకు వచ్చి రెండేళ్లు నడిచాయనుకుందాం. మొదటిది నెలకు మూడు రూపాయలు, రెండవది రెండున్నర. మూత తీసినప్పుడల్లా ఇచ్చే కూలి దీనికి అదనం. ఏది చవక?

మా శిష్యుడొకడు, గని నుండి విరమించిన తండ్రి తనకిచ్చిన గడియారాన్ని తెచ్చి మాకు చూపాడు. ఆగిపోయిన తరువాత, సెల్లు ఖర్చు మిగులుతుందని అరలో పడవేశాడట. ఏడాది గడిచేసరికి సెల్లు కారి, లోపలి రాగి తీగ పచ్చబడింది. ఘడీసాజు చూసి మిషనే మార్చాలన్నాడు. మిషను మార్చవచ్చు. కాని తండ్రి చేతిమీద నడిచిన మిషను మళ్లీ రాదు. ఆ బాలుని ముఖం చూసి మాకు మాట రాలేదు. వాడని గడియారంలో చచ్చిన సెల్లును ఉంచరాదు. తీయించి ఉంచడమే అసలైన పొదుపు.

ఇంటిలోనే సెల్లు మార్చుకోవచ్చునా? నొక్కుడు మూత గడియారమైతే, ఓపిక ఉంటే, మార్చుకోవచ్చు. పాత సెల్లుపై ఉన్న నంబరునే కొనాలి. లోహపు చిమటాతో రెండు ముఖాలనూ కలిపి పట్టరాదు. మూత కింది రబ్బరు వలయం యథాస్థానంలో కూర్చోవాలి. లేకుంటే మన ఊరి బొగ్గు దుమ్ము, వేసవి చెమట లోపలికి దిగుతాయి. మరమూత గడియారాన్ని కత్తిమొనతో పొడవక ఘడీసాజుకు ఇవ్వడం మేలు. ఆయన కూలి మన వస్తువుకు రక్షణ. ఆయన ఇంటికి అన్నం.

కొన్నాళ్లు గడియారం పెట్టుకోనప్పుడు తల బయటికి లాగి ఉంచితే ముల్లు ఆగి, సెల్లు ఖర్చు తగ్గుతుంది. గనిలోనికి దిగేవారి టోపీ దీపాన్ని ల్యాంపు రూములో ఛార్జి చేస్తారు కదా అని, ఈ సెల్లును కూడ చేయబూనరాదు, అది పగలవచ్చు. తీసిన సెల్లు పసిపిల్లలకు అందనీయరాదు. మింగితే క్షణం ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకుపోవాలి.

మన ఇళ్లలో పెద్దలు ఫిజూల్‌ఖర్చీని ఎంత నిందించారో కంజూసీనీ అంతే నిందించారు. విద్యార్థులారా, మీ గడియారపు సెకండు ముల్లును ఒక్క నిమిషం గమనించండి. అది ఒక్కొక్క అడుగు వేయక కొన్ని సెకండ్లకొక దూకు దూకుతూ ఉంటే, చాలా గడియారాలలో సెల్లు తీరవచ్చినదని దాని అర్థం. అది ఆగిపోకముందే చెబుతున్న మాట; ఆగిపోకముందే వినడం మన పని.