మంచుబండి మెట్టు మీద కాలి పట్టు

మేము అమెరికా దేశంలో మిన్నెసోటా రాష్ట్రపు ఉత్తర కొసన, కెనడా సరిహద్దుకు దగ్గరగా ఉన్న ఒక చిన్న ఊళ్ళో కాపురముంటున్నాము. మాలో ఒకరు ఆసుపత్రిలో ఫిజియోథెరపీ పని చేస్తారు, మరొకరు హైస్కూల్లో లెక్కలు చెబుతారు. ఇద్దరిదీ గుంటూరు జిల్లాయే. ఇక్కడ జనవరిలో సున్నాకు 30 డిగ్రీలు కిందికి దిగే రాత్రులు కొత్త కాదు. సెలవులకు ఇంటికి వచ్చినప్పుడల్లా బంధువులు ఆ చలి గురించే అడుగుతారు. ఈసారి చలి సంగతి కాక, మొన్నటి చలికాలమంతా మా ఇంట్లో నడిచిన ఒక వాదం గురించి రాయాలనిపించింది. మంచుబండి మెట్టు మీద బూటు ఎంత గట్టిగా పట్టుకొని ఉండాలన్నదే ఆ వాదం. వినడానికి ఇంతేనా అనిపిస్తుంది. కాని అది మా అబ్బాయి కాళ్ళకు సంబంధించిన మాట.

మంచుబండి అంటే స్నోమొబైల్. ముందు రెండు స్కీలు ఉంటాయి, పడవ ముక్కులాగా పైకి వంగిన పొడుగాటి పలకలు. వెనుక చక్రాలకు బదులు వెడల్పాటి రబ్బరు పట్టా ఒకటి తిరుగుతూ బండిని ముందుకు తోస్తుంది. మోటారుసైకిలు మీద లాగానే కాళ్ళు రెండు పక్కలా వేసి కూర్చుంటారు. బరువు చాలా బండ్లకు 200 కిలోలు దాటుతుంది. కుర్రవాళ్ళు దాన్ని ఆటవస్తువులా చూస్తారు గాని దాని పుట్టుక ఆటలో జరగలేదు. కెనడాలోని క్యూబెక్ రాష్ట్రంలో వాల్‌కూర్ అనే ఊళ్ళో జోసెఫ్ అర్మాండ్ బొంబార్డియే అనే మెకానిక్ ఉండేవాడు. 1934 చలికాలంలో ఆయన రెండేళ్ళ కొడుకుకు కడుపులో చీము పట్టింది. దారులన్నీ మంచుతో మూసుకుపోయి ఆసుపత్రికి తీసుకుపోలేక ఆ బిడ్డ చనిపోయాడు. మంచు మీద నడిచే బండి కోసం అప్పటికే పాట్లు పడుతున్న ఆ తండ్రి ఆ పని మానలేదు. 1937లో తన పట్టా ఏర్పాటుకు పేటెంటు పొందాడు. ఒకరిద్దరు ఎక్కే చిన్న బండి 1959లో బయటికి వచ్చింది. ఆ నమూనా బండ్లలో ఒకటి ఉత్తర ఒంటారియోలో ఆదివాసుల మధ్య పనిచేస్తున్న మారిస్ వీమె అనే కథోలిక మిషనరీకి చేరింది. అంతకుముందు అక్కడ చలికాలపు ప్రయాణాలకు కుక్కలు లాగే బండ్లే దిక్కు.

ఇక మెట్టు సంగతి. బండికి రెండు పక్కలా కాళ్ళు పెట్టుకోవడానికి పొడుగాటి అల్యూమినియం రేకు ఉంటుంది. దాన్ని రన్నింగ్ బోర్డు అంటారు. మన ఆర్టీసీ బస్సు ఫుట్‌బోర్డు గుర్తు చేసుకోండి. వానలో తడిసిన ఆ ఫుట్‌బోర్డు మీద హవాయి చెప్పులతో నిలబడి, బస్సు ఎగిరెగిరి పడుతుంటే ఎలా ఉంటుంది? ఇక్కడ నీరుండదు, అంతకన్నా కష్టమైనది ఉంటుంది. బూటుకు అంటిన మంచు, పట్టా ఎగజిమ్మే మంచు ఆ రేకు మీద పడుతుంది. కిందనుండి ఇంజను నీళ్ళ వేడి తగిలి కొంచెం కరుగుతుంది, బండి ఆగగానే మళ్ళీ గడ్డ కడుతుంది. పావుగంటలో మెట్టు గాజు పలక అవుతుంది. అందుకే రేకుకు పెద్ద పెద్ద బెజ్జాలు పెట్టి మంచు కిందికి రాలిపోయేలా చేస్తారు. ఆ బెజ్జాల అంచులను పైకి లేపి పళ్ళలాగా ఉంచుతారు. అచ్చంగా వంటింట్లో తురుము పీట చూసినట్టే ఉంటుంది.

మా అబ్బాయికి 16 ఏళ్ళు. మిన్నెసోటా చట్టం ప్రకారం 1976 డిసెంబరు 31 తరువాత పుట్టినవారెవరైనా భద్రతా శిక్షణ సర్టిఫికెట్టు లేకుండా ఇక్కడ ఈ బండి నడపరాదు. వాడు ఆ పరీక్ష ప్యాసయ్యాడు. మేము కొన్నది పాతబండి. దాని మెట్టు పళ్ళు అరిగి నున్నబడ్డాయి. డిసెంబరులో ఒక శనివారం, కొండల్లో తిరిగేవాళ్ళు వేయించుకునే కొత్త రకం మెట్ల బొమ్మ పట్టుకొచ్చాడు. పళ్ళు ఒక్కొక్కటి రంపపు పళ్ళలాగా ఉన్నాయి.

"అమ్మా, జారితే పడేది నేనే కదా! పట్టు ఎంత ఎక్కువుంటే అంత మంచిది. ఎక్కువైతే నష్టమేముంది?" అని అడిగాడు.

ఆ ప్రశ్నను మేము తేలికగా తీసుకోలేదు. వాడి మాటలో సగం నిజమే. జారడం చిన్న ప్రమాదం కాదు. మలుపులో కాలు మెట్టు మీద నుండి జారి కిందికి పోతే నేలకూ బండికీ మధ్య ఇరుక్కుంటుంది. మన వైపు స్కూటరు అలవాటైనవారికి బండి ఒరగగానే కాలు కింద పెట్టడం చేతులెత్తి నమస్కారం పెట్టినంత సహజం. మంచుబండి మీద అది పనికిరాదు. ఏమి జరిగినా కాళ్ళు మెట్టు మీదే ఉండాలని శిక్షణలో మొదటిరోజే చెబుతారు. కాళ్ళు మెట్టు మీద ఉండాలంటే మెట్టు వాటిని పట్టుకోవాలి గదా.

మిగతా సగం చూపించినది మా పక్క పొలం పెద్దాయన. గోధుమ, సోయా వేసి బతికినవాడు, ఎనిమిదో ఏట నుండి ఈ బండ్లు ఎరిగినవాడు. ఊళ్ళో సగం బండ్లు ఆయన షెడ్డులోనే బాగుపడతాయి. ఆ బొమ్మ చూసి ఏమీ అనకుండా ప్యాంటు కాలు పైకి మడిచి చూపించాడు. మోకాలి కింద ముందు ఎముక పొడుగునా జానెడు మచ్చ, పక్కన చిన్న మచ్చలు మూడో నాలుగో.

"వేగంగా పోతుంటే తగిలిందా?" అని మావాడు అడిగాడు.

"లేదు బాబూ, బండి ఆగి ఉన్నప్పుడే" అన్నాడాయన. మెత్తటి మంచులో బండి నడుములోతు కూరుకుపోతే పారతో తవ్వి, వెనుక భాగం ఎత్తి పక్కకు జరపాలి. ఎత్తేటప్పుడు కాలు జారింది. బరువంతా ఎముక మీద పెట్టి ఆ పళ్ళ మీద పడ్డాడు. రెండు పొరల ప్యాంటు చీరుకుపోయింది. కుట్లు వేసేవారు 60 కిలోమీటర్ల దూరంలో ఉన్నారు. మంచులో చిక్కిన బండిని లాగేటప్పుడు ఆ మెట్టు మీద మోకాళ్ళు ఆనతాయి, అరచేతులు ఆనతాయి. బూటును పట్టే పన్ను చర్మాన్నీ పడుతుంది, దానికి తేడా తెలియదు.

ఇది పైకి కనిపించే గాయం. కనిపించనిది మరొకటుంది. మాలో ఆసుపత్రిలో పనిచేసేవారు చలికాలంలో చూసే మోకాళ్ళలో అలాంటివి ఉంటాయి. మోకాలు తలుపు బందులాంటిది. ముందుకూ వెనక్కూ మడుస్తుంది, మెలి తిప్పితే కొంచెమే ఓర్చుకుంటుంది. బండి ఒక పక్కకు తిరగబడుతున్నది, మనిషి ఒళ్ళు మరో పక్కకు తిరుగుతున్నది అనుకోండి. అడుగు జారి బయటికి వస్తే మనిషి మంచులో పడతాడు, లేచి దులుపుకుంటాడు. అడుగు పళ్ళలో కరుచుకొని గానీ, ముందు భాగంలో కాలివేళ్ళు దూర్చుకునే పట్టీ కింద చిక్కుకొని గానీ ఉండిపోతే ఆ మెలికంతా కాలు మోయాలి. గట్టి బూటు చీలమండను కాపాడుతుంది నిజమే. కాని చీలమండ తీసుకోని మెలిక పైకి, మోకాలికే పోతుంది. లోపల ఎముకను ఎముకకు కట్టి ఉంచే లిగమెంటు తెగితే ఒక సీజను కాదు, ఒక్కోసారి సంవత్సరమంతా పోతుంది. పొలం పని చేసుకునే ఇంట్లో ఒక మనిషి కాలు ఏడాది పనిచేయకపోతే ఏమవుతుందో మీకు మేము చెప్పనక్కరలేదు.

ఈ చిక్కు కొత్తది కాదు. గుర్రపు రౌతులు ఏనాడో ఎరుగుదురు. రికాబులో పాదం నిలవాలి, పడినప్పుడు పాదం బయటికి రావాలి. రాకపోతే గుర్రం ఈడ్చుకుపోతుంది. అందుకే రౌతు బూటుకు మడమ ఎత్తు ఉంటుంది, అడుగు నున్నగా ఉంటుంది. మంచు మీద జారే స్కీ ఆటలోనూ ఇదే జరిగింది. నార్వేలో పుట్టి ఆరెగాన్ రాష్ట్రంలో స్థిరపడిన యాల్మార్ వామ్ అనే ఛాంపియను 1937లో కాలు విరగ్గొట్టుకున్నాడు. అప్పట్లో బూటును స్కీకి గట్టిగా బిగించేసేవారు. ఎముక విరిగేంత మెలిక వచ్చినప్పుడు తనంతట తానే ఊడిపోయే బిగింపు ఒకటి ఆసుపత్రి మంచం మీద ఉండగానే ఆయన ఆలోచించాడు. 1939లో పేటెంటు తీసుకున్నాడు. వాలు మీద దిగే స్కీలకు ఈనాడు వాడే బిగింపులు ఊడివచ్చేవే. మంచుబండి మెట్టుకు మాత్రం అలాంటి ఏర్పాటు లేదు. పళ్ళు ఎంత పొడుగుండాలి, ఎక్కడుండాలి అన్నది నడిపేవాడు తేల్చుకోవాల్సిందే.

అంటే పదునైన పళ్ళు ఎవరికీ వద్దని కాదు. పడమటి కొండల్లో, మోంటానా వంటి చోట్ల నడిపేవాళ్ళు కూర్చోరు, నిలబడే నడుపుతారు. వాలుకు అడ్డంగా పోయేటప్పుడు రెండు కాళ్ళూ ఒకే పక్క మెట్టు మీద పెట్టి, బండిని తమ వైపు ఒరగదీసి, ఒక్క స్కీ మీద నడిపిస్తారు. అక్కడ అడుగు జారితే మనిషితోపాటు బండి కూడా లోయలోకి దొర్లుతుంది. వాళ్ళకు ఆ పళ్ళు కావాలి. మా దగ్గర నేల పళ్ళెంలాగా చదును. బాటలను యంత్రాలతో సాపు చేసి ఉంచుతారు. ఎక్కువసేపు కూర్చునే పోతారు. కొండవాడి మెట్టు బల్లపరుపు నేలకు తెచ్చుకుంటే దాని పట్టు వల్ల లాభం కొంచెమే, దాని పదును మాత్రం పూర్తిగా మనదే.

పెద్దాయన అసలు మెట్టు దగ్గర మొదలుపెట్టలేదు. "ముందు బూటు చూపించు" అన్నాడు. మావాడి బూట్లు మామూలు మంచు బూట్లే, మూడేళ్ళవి. బయట చలిలో ఉంచి అడుగు రబ్బరు నొక్కమన్నాడు. రాయిలాగా ఉంది. కొన్ని రకాల రబ్బరు చలికి గట్టిపడిపోతుందట. అది ఎంత పదునైన రేకునైనా పట్టదు. చలిలోనూ మెత్తగా ఉండే రబ్బరుతో, లోతైన గాళ్ళతో, మడమ తెలిసేలా ఉన్న బూట్లు కొన్నాము. ధర చూసి మాలో ఒకరి నోట మాట రాలేదు, అది వేరే సంగతి.

తరువాత మెట్టు. పాత రేకు తీసి, మధ్యరకం పళ్ళున్నది వేశారు. పాదం ముందు భాగం ఆనే చోట పళ్ళను అలాగే ఉంచారు. బయటి అంచున, అంటే పడితే ఎముక తగిలే చోట, ఆకురాయి పెట్టి వాటిని మొండి చేశారు. మావాడే ఆ పని చేశాడు, రెండు సాయంత్రాలు పట్టింది. ప్రతి పన్ను మీదా బొటనవేలు రాసి చూసి, చాలదు ఇంకా రాయి అనేవాడు పెద్దాయన. కాలివేళ్ళ పట్టీ కింద బూటు వదులుగా కదులుతుందో లేదో కూడా చూశారు. కొత్త బూటు పాతదానికన్నా లావు; పట్టీని వేలెడు పైకి జరపవలసి వచ్చింది. ఇవన్నీ ఒక ఎత్తు, ఆగిన ప్రతిసారీ మెట్టు మీద మంచును కాలితో తన్ని రాల్చడం ఒక ఎత్తు. దానికి డబ్బు అక్కరలేదు గనుక కుర్రవాళ్ళకు గుర్తుండదు.

ఫిబ్రవరిలో బాట పక్క కాలువగట్టు మంచు విరిగి బండి ఎడమకు ఒరిగిపోయింది. మావాడు మంచులో పడ్డాడు. ఎడమ పాదం మెట్టు మీద నుండి వచ్చేసింది. తొడ మీద అరచేయంత కమిలింది, అంతే. ఇంటికి వచ్చాక వాదం మళ్ళీ మొదలు. "పళ్ళు పదునుగా ఉంటే అసలు కాలు జారేదే కాదు, బండిని నిలబెట్టేవాణ్ణి" అని వాడు. "కాలు రాకపోతే బండి నీ మోకాలిని వెంట తిప్పేది" అని మేము. పెద్దాయనను అడిగితే, గట్టు విరిగినప్పుడు ఏ మెట్టయినా బండిని నిలబెట్టదన్నాడు. ఆ మాట మావాడికి నచ్చలేదు. వాడు చెప్పిందీ పూర్తిగా కొట్టివేయడానికి మాకు మనసొప్పలేదు. ఆ క్షణంలో ఎలా ఉండిందో వాడికే తెలుసు.

ఇప్పుడు వచ్చే మార్చిలో స్నేహితుడి కుటుంబంతో మోంటానా కొండలకు పోతానంటున్నాడు. అక్కడ అద్దెకిచ్చే బండ్లకు పదునైన మెట్లే ఉంటాయి, ఆకురాయి పెట్టడానికి వీల్లేదు. మాలో ఒకరు సరేనన్నారు, మరొకరు ఇంకా అనలేదు. వాడు మాత్రం కోతల కాలంలో పెద్దాయన దగ్గర పనిచేసి దాచుకున్న డబ్బుతో మోకాలినీ కింది ఎముకనూ కప్పే గట్టి కవచాలు కొని తెచ్చుకున్నాడు. రాత్రి భోజనాలయ్యాక వాటిని తొడుక్కొని, మెట్ల మీద ఎక్కుతూ దిగుతూ మోకాళ్ళ వ్యాయామం చేస్తున్నాడు. లెక్క పెట్టే పని మాలో ఇంకా సరేననని వారికి అప్పగించాడు.