అరవై నాలుగు చక్రాల రథం

ఓడ దిగిన భారీ యంత్రం ప్రాజెక్టు దాకా ఎలా చేరుతుంది? కారులో ఐదు గంటల్లో అయిపోయే దారి దానికి మూడు రోజులు ఎందుకు పడుతుంది? విశాఖ రేవు నుంచి పోలవరం వైపు ఓ ట్రైలర్ వెంట వెళ్లొచ్చిన కబుర్లివి.

రాత్రి పదకొండున్నర. విశాఖ పోర్టు నుంచి షీలానగర్ వెళ్లే రోడ్డు. లారీల రద్దీ కాస్త తగ్గింది. స్టవ్ ఆర్పబోతున్న టీకొట్టు ఆయన చెయ్యి అలాగే ఆగిపోయింది. నెత్తిన పసుపు దీపం గిరగిరా తిరుగుతుంటే ముందు ఓ జీపు వచ్చింది. దాని వెనక ఎర్రజెండాలు పట్టుకుని ఇద్దరు కుర్రాళ్లు. వాళ్ల వెనక... రెండంతస్తుల ఇల్లేదో కదిలి వస్తోందా అనిపించింది!

ఇల్లు కాదు, యంత్రం. నది అడుగున పునాది కోసం నేలను కోసుకుంటూ లోతుకు దిగే యంత్రం తాలూకు ప్రధాన భాగం. దాని పొడవాటి చెయ్యి, కోసే చక్రాలు, బరువు దిమ్మలు వేరే లారీల్లో ముందే వెళ్లిపోయాయి. విప్పడానికి వీల్లేని మొండెం మాత్రం ఇలా బయల్దేరింది. దీని బరువే డెబ్భై టన్నులు. మోసే ట్రైలర్, లాగే పుల్లర్ కూడా కలిపితే నూట ఇరవై టన్నుల పైమాటే. ఎనిమిది వరుసల ఇరుసులు, వరుసకు ఎనిమిది టైర్లు. వెరసి అరవై నాలుగు!

‘‘ఏటి బాబూ అలా చూస్తన్నారు, ఎక్కండి’’ అన్నాడు డ్రైవర్. శ్రీకాకుళం జిల్లా మనిషి. వయసు యాభై దాటింది. ఈ బళ్ల మీద ఇరవై ఆరేళ్ల అనుభవం. స్టీరింగ్ ముందు చిన్న వెంకటేశ్వరస్వామి పటం, పక్కనే మనవరాలి ఫొటో. ‘‘నిద్రొస్తే పడుకోండి. తెల్లారేసరికి అనకాపల్లి దాటితే గొప్పే’’ అని నవ్వాడు. అక్కడికి కారులో అయితే గంట ప్రయాణం.

కొలత దాటితే కదలదు

మన రోడ్ల మీద మామూలు లారీ వెడల్పు 2.6 మీటర్లు దాటకూడదు. బరువుకూ హద్దుంది. 2018లో కేంద్రం పరిమితులు పెంచిన తర్వాత కూడా పెద్ద ట్రైలర్ లారీకి 55 టన్నులే గరిష్ఠం. అంతకు మించిందల్లా ‘ఓడీసీ’. అంటే కొలతలు దాటిన సరుకు. దానికి ప్రత్యేక అనుమతి కావాలి. ఏ రోడ్డున వెళ్తుందో, ఒక్కో ఇరుసు మీద ఎంత బరువు పడుతుందో ముందే లెక్క చెప్పాలి. నగరంలోంచి వెళ్లాలంటే పోలీసులు చెప్పిన వేళకే కదలాలి.

ఇంతకీ అన్ని టైర్లెందుకు? గుడ్డు మీద చెయ్యి పెట్టి ఒక్క వేలితో నొక్కితే పగులుతుంది. అరచేయంతా ఆనిస్తే తట్టుకుంటుంది. ఇదీ అంతే. బరువు తగ్గదు, పరుచుకుంటుంది. ఇరుసుల మధ్య నూనె గొట్టాలు ఉంటాయి. ఒక పక్క గుంట వస్తే నూనె అటూ ఇటూ సర్దుకుని బరువును అన్ని చక్రాలకూ పంచుతుంది. ముందు చక్రాలే కాదు, వెనక చక్రాలూ తిరుగుతాయి. అవసరమైతే బల్ల మొత్తాన్ని జానెడు పైకి లేపొచ్చు, దించొచ్చు. ‘‘ఇది లారీ కాదు బాబూ, జెర్రి’’ అన్నాడు డ్రైవర్.

గాజువాక, కూర్మన్నపాలెం, లంకెలపాలెం... రోజూ హారన్లతో చెవులు హోరెత్తించే కూడళ్లన్నీ నిద్రలో ఉన్నాయి. మా బండి వేగం పది, పన్నెండు. ఓ వీధి కుక్క కాసేపు మాతో పాటు నడిచి, విసుగొచ్చి వెనక్కి వెళ్లిపోయింది!

ముందు దారి... తర్వాతే బండి

బండి కదలడానికి పది రోజుల ముందే ఒక మనిషి ఈ దారంతా తిరిగొచ్చాడు. ఆయన చేతిలో కొలత కర్ర, సంచిలో రెండు వందల పేజీల నోటు పుస్తకం. ప్రతి తీగ ఎత్తు, ప్రతి ఆర్చి వెడల్పు, ప్రతి మలుపు, ప్రతి కల్వర్టు అందులో ఎక్కాయి. ఎక్కడ చెట్టుకొమ్మ అడ్డొస్తుంది, ఎక్కడ డివైడర్ రాళ్లు తీయించాలి, టోల్ ప్లాజాలో అంచున ఉండే వెడల్పాటి దారి సరిపోతుందా లేదా... అన్నీ!

ఇప్పుడాయనే పైలట్ జీపులో మాకు ముందున్నాడు. నోటు పుస్తకం చివరి పేజీల్లో ఒకచోట ఎర్రసిరాతో ‘కల్వర్టు - అనుమానం’ అని రాసి, కింద రెండు గీతలు గీసి ఉంది. ‘‘అదొక్కటే నా గుండెల మీద కుంపటి’’ అన్నాడు.

హైవే మీద పగటి ప్రయాణం హాయిగానే సాగింది. వేంపాడు, కృష్ణవరం టోల్‌గేట్లు దాటాం. తుని దాటాక అన్నవరం కొండ కనపడగానే డ్రైవర్ రెండు చేతులూ స్టీరింగ్ మీదే ఉంచి తల వంచి దణ్ణం పెట్టాడు. హెల్పర్ కుర్రాడు పరుగున వెళ్లి ప్రసాదం తెచ్చాడు. ఆకులో పొట్లం కట్టిన ఆ గోధుమరవ్వ ప్రసాదం రుచి చూస్తుంటే బండి గంటకు పదిహేను కిలోమీటర్ల వేగంతో సాగుతోంది. పక్క నుంచి దూసుకెళ్తున్న కార్లలో పిల్లలు కిటికీలకు ముక్కులు ఆనించి టైర్లు లెక్కపెడుతున్నారు. ఏ ఒక్కరికీ లెక్క పూర్తయినట్టు లేదు.

వెదురు గడ కుర్రాడు

యంత్రం మీద, అందరికంటే ఎత్తున ఓ మనిషి కూర్చుని ఉంటాడు. చేతిలో పొడవాటి వెదురు గడ. చివర అడ్డంగా ఓ కర్రముక్క. కేబుల్ టీవీ వైర్లు, ఫోన్ తీగలు అడ్డొస్తే ఆ గడతో పైకెత్తి, బండి దాటేదాకా పట్టుకుని, వదలడమే అతని పని. వయసు ఇరవై మూడు. ఎండలో ఇనుము కాలిపోతుంటే తడిపిన గోనెసంచి పరుచుకుని కూర్చున్నాడు.

వీధుల్లో రోడ్డుకు అడ్డంగా వెళ్లే మామూలు కరెంటు తీగ కనీసం 5.8 మీటర్ల ఎత్తున ఉండాలన్నది నిబంధన. మా సరుకు ఎత్తు ఐదు మీటర్లు. లెక్కప్రకారం ఫర్వాలేదు. కానీ ఎండాకాలంలో తీగ వేడికి సాగుతుంది, కిందికి జారుతుంది. ఒరిగిన స్తంభాలు ఉండనే ఉన్నాయి. పెద్ద లైన్లయితే తాకనక్కర్లేదు, దగ్గరికెళ్తేనే ప్రమాదం.

‘‘మొదట్లో నాకు పని నేర్పిన అన్న ఒకడుండేవాడు. కరెంటు పోయిందని ఎవరో చెబితే నమ్మి గడ ఎత్తాడు. పచ్చి వెదురు అది. కరెంటు పోలేదు’’ అన్నాడు ఆ కుర్రాడు. తర్వాత కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ అన్న భార్య ఇప్పుడు కూలికి వెళ్తోందట. పండక్కి ఇతను ఆ పిల్లలకు బట్టలు తీసుకెళ్తాడట.

అందుకే ఈ బండికి ఓ కట్టుబాటుంది. కరెంటు తీగ అనుమానంగా ఉంటే గడ ఎత్తరు. కరెంటు సిబ్బందికి ఫోన్ చేస్తారు. లైన్‌మన్ వచ్చి ‘ఎల్‌సీ’ తీసుకుని, అంటే సరఫరా ఆపించి, తన కళ్లతో చూసి, తన నోటితో చెప్పాకే బండి కదులుతుంది. ఎంతసేపైనా సరే!

పెళ్లి పందిరి

దివాన్‌చెరువు దగ్గర పక్కకు తిరిగి, 2015 పుష్కరాల సమయంలో అందుబాటులోకి వచ్చిన నాలుగో వంతెన మీదుగా గోదావరి దాటాం. నాలుగు కిలోమీటర్ల పైచిలుకు పొడవు. వంతెన మీద మా బండికి నియమాలు వేరు. నడిమధ్య నుంచే వెళ్లాలి. నడక వేగం మించకూడదు. బ్రేకు వేయకూడదు, గేరు మార్చకూడదు. ఆగకూడదు. ఆ కాసేపూ క్యాబిన్‌లో ఎవరం మాట్లాడుకోలేదు. దిగువన ధవళేశ్వరం. 1847లో కాటన్ దొర మొదలుపెట్టి 1852కల్లా పూర్తిచేసిన ఆనకట్ట ఉన్న చోటు. వేలాది కూలీలు కట్టిన కట్టడమది. ఇప్పుడు ఎగువన పనికి మనుషుల బదులు యంత్రాలు కదులుతున్నాయి. ఆ యంత్రాలను కదిలించేది మాత్రం మళ్లీ మనుషులే!

కొవ్వూరు దాటితే హైవే ఉండదు. కుడిపక్క గోదావరి, ఎడమపక్క పొలాలు. కుమారదేవం దగ్గర ఎన్నో సినిమాల్లో కనిపించిన పెద్ద నిద్రగన్నేరు చెట్టు ఉండేది. 2024 ఆగస్టులో కూలిపోయింది. ‘‘దాని కొమ్మ తగలకుండా తీసికెళ్లడానికి అప్పట్లో సెమటలు పట్టీవి. ఇప్పుడు ఖాళీ సూస్తే ప్రాణం ఉసూరుమంటంది’’ అన్నాడు డ్రైవర్.

ఇంకాస్త ముందుకెళ్లామో లేదో, రోడ్డు మధ్యలో పెళ్లి పందిరి! రాటలు రోడ్డు అంచులోకి వచ్చేశాయి. పెళ్లి రాత్రి తొమ్మిదిన్నరకు. పైలట్ జీపాయన దిగి పెద్దమనుషులతో మాట్లాడాడు. ‘‘ఆయ్, మాకేం తెలుసండీ ఇలాంటిది వస్తదని! ముహూర్తం దాటాక పందిరి మేమే జరుపుతామండి. అందాకా మీరంతా మా చుట్టాలే’’ అన్నాడు పెళ్లికూతురి మేనమామ. బలవంతంగా కూర్చోబెట్టి విస్తళ్లు వేశారు. పులిహోర, గుత్తొంకాయ, పనసపొట్టు కూర, బూరెలు... వెదురు గడ కుర్రాడు బూరెలు రెండోసారి అడిగి మరీ వేయించుకున్నాడు. పెళ్లికొచ్చిన పిల్లలంతా ట్రైలర్ చుట్టూ చేరారు. ఓ బామ్మ చక్రానికి కుంకుమ బొట్టు పెట్టి ‘‘మా ఊరికి రథం రాలేదన్న లోటు తీరిందిరా అబ్బాయ్’’ అంది.

‘నేను దాటను’

అర్ధరాత్రి పందిరి జరిపారు. బండి కదిలింది. కాసేపటికి ఎర్రసిరా పేజీ వచ్చింది. కాలువ మీద పాత కల్వర్టు. డ్రైవర్ దిగి, టార్చిలైటు పట్టుకుని, పంచె ఎగ్గట్టి కాలువలోకి దిగాడు. అడుగున చేత్తో తడిమి చూశాడు. పైకొచ్చి ‘‘ఒక పక్క రాయి కదిలింది. నాను దాటను’’ అన్నాడు.

ఫోన్ మోగింది. అవతల సైటు నుంచి. ఈ యంత్రం కోసం క్రేన్ అద్దెకు తెచ్చారు. దానికి రోజు కిరాయి పెద్ద మొత్తం. వానలు మొదలయ్యేలోగా పని అవ్వాలి. ‘మొన్న ఇసుక లారీలు వెళ్లలేదా’ అని అరుస్తున్నారు. డ్రైవర్ అంతా విన్నాడు. ‘‘ఇసక లారీ పడితే ఇసక పోద్ది. ఇది పడితే కల్వర్టు పోద్ది. కిందూళ్లోళ్లకి పిల్లల్ని బడికి పంపడానికి దారుండదు. తెల్లారాక ఇంజినీరు గారొచ్చి సూడాలి’’ అని ఫోన్ పెట్టేశాడు. టైర్ల కింద చెక్కమొద్దులు వేయించి, క్యాబిన్‌లో కాళ్లు చాపుకుని పడుకున్నాడు. అయిదు నిమిషాల్లో గురక!

నాకు మాత్రం నిద్ర పట్టలేదు. ఆయన కిరాయి ట్రిప్పు లెక్కన. ఆలస్యమైతే నష్టం ఆయనకూ ఉంది.

తెల్లవారి ఏడింటికి ఇంజినీరు వచ్చారు. చూసి తల పంకించారు. కాలువలో దుంగలు నిలబెట్టి, ఇసుక బస్తాలు పేర్చి, పైన ఇనుప ప్లేట్లు పరిచేసరికి మధ్యాహ్నం ఒంటిగంట. ఊరు ఊరంతా గట్టున నిలబడింది. ఒక హెల్పర్ వెనక్కి నడుస్తూ రెండు చేతులతో సైగలు చేస్తుంటే డ్రైవర్ కళ్లు ఆ చేతుల మీదే ఉన్నాయి. ఒక్కో ఇరుసు ప్లేటు మీదికి ఎక్కుతుంటే కింద దుంగలు కిర్రుమంటున్నాయి. ఆఖరి ఇరుసు ఇవతల నేల తాకాక ఎవరో ఈల వేశారు. గడియారం చూసుకున్నాను. తొమ్మిది నిమిషాలు. ఆ తొమ్మిది నిమిషాల కోసం పన్నెండు గంటలు ఆగాం.

సాయంత్రానికి పట్టిసీమ దాటి పోలవరం చేరాం. సైట్లో ఎవరూ ఆలస్యం గురించి అడగలేదు. అందరి కళ్లూ యంత్రం మీదే. క్రేన్ దాన్ని ఎత్తి నేల మీద పెట్టింది. బరువు దిగిన టైర్లు ఒక్కసారిగా ఊపిరి తీసుకున్నట్టు పైకి లేచాయి. తర్వాత ట్రైలర్‌ను ముక్కలుగా విడదీసి మామూలు లారీల మీదికి ఎక్కించారు.

‘‘ఇంక జెండాల్లేవు, జీపుల్లేవు. రేపు మధ్యానానికి గాజువాకలో ఉంటాం. ఎవులూ మనకేసి సూడరు’’ అని నవ్వాడు డ్రైవర్. వెదురు గడ కుర్రాడు గడను జాగ్రత్తగా తుడిచి, నీడలో ఎండబెట్టి, తాడుతో లారీకి కట్టాడు.

ఈసారి ఎప్పుడైనా రోడ్డు మీద ఇలాంటి బండి వెనక ఇరుక్కుంటే హారన్ కొట్టే ముందు ఓసారి తలెత్తి పైకి చూడండి. ఆ ఎత్తున కూర్చున్న కుర్రాడు మనందరి కంటే ముందు తీగను చూస్తుంటాడు.