వంగని పడవ

పిల్లలూ! ఇంగ్లీషులో ‘కాటమరాన్’ అనే మాట వుంది. అది మన తూర్పు తీరంనుంచి వెళ్లిన మాట. తమిళంలో ‘కట్టుమరం’ అంటారు. కట్టు అంటే మనకూ కట్టే. మరం అంటే మాను. దుంగలను తాళ్లతో కట్టి, మన జాలరులు సముద్రంమీదికి తీసుకుపోయే అటువంటిదాన్నే తెలుగులో తెప్ప అంటాము.

అయితే, ఇప్పుడు కాటమరాన్ అనే పడవ మన తెప్పలాగా వుండదు. రెండు సన్నటి పడవలను పక్కపక్కన ఎడంగా వుంచి, పైన అడ్డంగా ఒక వేదికతో కలిపితే ఎట్లా వుంటుందో అట్లా వుంటుంది. ఈ ఆకారం పసిఫిక్ మహాసముద్రంలోని పాలినీషియా దీవుల వారికి ఏనాటినుంచో తెలుసు. 1976లో ‘హొకులేయా’ అనే జంటపడవ హవాయినుంచి తాహితీకి వెళ్లింది. దాన్ని నడిపినవాళ్లు దిక్సూచి కూడా వాడక, నక్షత్రాలనూ అలలనూ చూసి దారి తెలుసుకున్నారు.

ఇటువంటి పడవలను కొనే చోటుకు మనం ఊహలో వెళదాం, రండి. అది ఫ్రాన్సు దేశానికి పడమట, అట్లాంటిక్ తీరాన వున్న లా రోషెల్ పట్టణం. పాత రేవు ముఖద్వారంలో రెండు రాతి బురుజులున్నాయి. పూర్వం రాత్రివేళ ఈ బురుజుకూ ఆ బురుజుకూ మధ్య గొలుసు కట్టి, ఓడలు రాకుండా రేవును మూసేవారు. ఆ పాత రేవుకు కొంతదూరంలోనే మినీమ్ అనే కొత్త రేవు వుంది. అక్కడ వేలకొద్దీ విహారనౌకలు ఆగివుంటాయి. తెరచాప కొయ్యలన్నీ కలిసి ఆకులు రాలిన అడవిలాగా కనిపిస్తాయి. 1976లో మొదలైన ఫోంతేన్ పజో అనే కాటమరాన్ల కంపెనీ ఈ పట్టణం దగ్గరిదే.

ఒక కుటుంబం, తల్లీ తండ్రీ ఇద్దరు పిల్లలూ, మహాసముద్రం దాటాలని ఇక్కడికి పడవ కొనటానికి వచ్చారనుకోండి. వారి వెంట మనమూ ఎక్కుదాం. పడవ పొడవు 45 అడుగులు, వెడల్పు సుమారు 25 అడుగులు. లోపల చావడి, వంటిల్లు, ఫ్రిజ్, మెత్తని సోఫాలు, పడకగదులు, స్నానాల గదులు! ధర కోట్ల రూపాయలు. పిల్లలు అప్పుడే తమ గదులు ఎంచుకుంటారు. కాని కొనేవాళ్లు చూడవలసినవి ఈ సోఫాలు కావు.

మామూలు తెరచాప పడవ ఇరుకుగా వుంటుంది. దాని అడుగున సీసమో, ఇనుమో బరువుగా బిగించి వుంటుంది. గాలి విసిరితే పడవ పక్కకు వాలుతుంది. బల్లమీది గిన్నెలు జారుతాయి, మనుషులు తూలుతారు. ఆ వాలటమే ఒక హెచ్చరిక. “గాలి హెచ్చింది, చాప తగ్గించు!” అని పడవే చెబుతుందన్నమాట. మరీ వాలితే, అడుగు బరువు దాన్ని మళ్లీ లేవదీస్తుంది.

కాటమరాన్ వెడల్పుగా కాళ్లు చాపి నిలబడుతుంది. అందుచేత దాదాపు వాలదు. బల్లమీద పెట్టిన కాఫీ కప్పు పెట్టినట్టే వుంటుంది. ఎంత సుఖం! కాని గాలి వేగం రెండింతలైతే దాని తోపు నాలుగింతలవుతుంది. వాలని పడవలో ఆ సంగతి లోపల కూచున్నవాళ్లకు సరిగా తెలియదు. ఆ తోపంతా కొయ్యమీదా, తీగలమీదా పడుతుంది. మితిమీరితే పడవ బోర్లాపడవచ్చు. బోర్లాపడిన కాటమరాన్ తనంతట తాను లేవదు. ఇట్లా జరగటం అరుదే. కాని నడిసముద్రంలో ఒక్కసారి చాలు.

కనక తెలిసినవాళ్లు ముందుగా మూడు సంగతులు చూస్తారు. మొదటిది, గాలి కొలిచే యంత్రమూ, ఎంత గాలికి ఎంత చాప మడవాలో తెలిపే పట్టికా. రెండవది, పడవ తలకిందులైతే బయటపడే తలుపు. మూడవది, బరువు. వెయ్యి లీటర్ల మంచినీళ్లంటే ఒక టన్ను! సరుకు ఎక్కువైతే పడవ కిందికి దిగుతుంది, అలలు వేదిక అడుగున దబదబ బాదుతాయి, వేగం తగ్గిపోతుంది. పడవ పాతదైతే నిపుణుణ్ణి పిలిపించి, నీళ్లనుంచి పైకి ఎత్తించి, గోడలు తట్టి, లోపలికి చెమ్మ దిగిందేమో పరీక్ష చేయిస్తారు.

ఇక ప్రయాణం. కానరీ దీవులనుంచి కరీబియన్ సముద్రంలోని సెయింట్ లూసియాకు 2,700 నాటికల్ మైళ్లు, అంటే 5,000 కిలోమీటర్లు. గంటకు 7 నాటికల్ మైళ్ల చొప్పున పోతే ఎన్ని రోజులు? 16 రోజులు! గాలి పడిపోతే మూడు వారాలు. తుపానుల కాలం ముగుస్తుందని చాలామంది నవంబరులో బయలుదేరతారు. రాత్రి అందరూ నిద్రపోరు. వంతులవారీగా ఒకరు మేలుకుని గాలినీ, సముద్రాన్నీ కనిపెట్టి చూస్తారు.

మీరు ఇంట్లోనే ఈ పరీక్ష చేయండి. ఖాళీ సీసా మూత బిగించి తొట్టిలో వేస్తే అది ఇటూ అటూ దొర్లుతుంది. అటువంటివి రెండు జానెడు ఎడంగా వుంచి, రెండు పుల్లలతో కట్టి వేయండి. ఒక పక్క నొక్కి వదిలితే మళ్లీ సరిగా నిలుస్తుంది. ఇప్పుడు దాన్ని తలకిందులు చేయండి. అప్పుడూ అట్లాగే కదలకుండా నిలుస్తుంది! ఆ కుటుంబం ఇంత డబ్బు పోసి కొనే సుఖం ఇదే. వాళ్లు మరిచిపోకూడని ప్రమాదమూ ఇదే.