ఫాల్గుణమాసం, అమ్మ, సున్నా టికెట్లు

మా ఇంటికి చుట్టాలొస్తే రెండోరోజు పొద్దున్న కాఫీల దగ్గర తప్పకుండా వచ్చే ప్రశ్న ఒకటుంది. "రాజరాజ నరేంద్రుడి కోట ఎక్కడండీ, ఓసారి చూసొద్దాం?" రాజమండ్రిలో కాపురం పెట్టిన దగ్గర్నుంచీ ఈ ప్రశ్నకి నా జవాబు మారలేదు. కోట లేదు. కోటగుమ్మం ఉంది, కానీ అది ఆటోవాళ్ళు కేకేసే సెంటరు పేరు. తూర్పు చాళుక్యులు వేంగి నుంచి వచ్చి ఇక్కడ రాజధాని పెట్టుకున్నారు. 11వ శతాబ్దంలో రాజరాజ నరేంద్రుడు అడిగితే నన్నయగారు భారతం మొదలుపెట్టి, ఆదిపర్వం, సభాపర్వం పూర్తిచేసి, అరణ్యపర్వం మధ్యలో ఆగిపోయారు. బీఏ తెలుగులో మూడేళ్ళు ఆ పద్యాలు బట్టీపట్టినదాన్ని కదా, పెళ్ళై ఈ ఊరొచ్చిన కొత్తలో నాకూ ఆ కోట గోడ ఒక్కటైనా కనిపిస్తే బాగుండుననిపించేది.

పోనుపోను తెలిసిందేమిటంటే, ఆ రాజుల కాలం నాటివి చూడాలంటే రాజధాని వదిలి ఊళ్ళమీద పడాలి. బిక్కవోలు, ద్రాక్షారామం అలాంటివే. వాటితోపాటు గౌతమి దాటితే మా కోనసీమ గుళ్ళు. అన్నీ పొద్దున్నే బయల్దేరి దీపాలవేళకి ఇంటికి చేరిపోయే దూరాలే.

వెళ్ళేదేదో ఫాల్గుణంలోనే వెళ్ళండి. మాఘంలో అంతర్వేది తీర్థం, శివరాత్రి జనం అయిపోతారు. ఎండ ఇంకా ముదరదు. దాళ్వా చేలు పచ్చగా ఉంటాయి, మామిడిపూత పిందెలకి తిరిగి ఉంటుంది, కాలవల్లో నిండా నీళ్ళుంటాయి. ఏప్రిల్ వస్తే కాలవలు కట్టేస్తారు. నీళ్ళు లేని కాలవ పక్కన కోనసీమని చూడ్డం, నగలు తీసేసిన పెళ్ళికూతుర్ని చూసినట్టుంటుంది నాకు. ఈ కాలవలన్నిటికీ మూలం దవళేశ్వరం దగ్గర కాటన్ దొర 1852 నాటికి కట్టించిన ఆనకట్టే. ఇప్పుడున్నది దాని స్థానంలో వచ్చిన బ్యారేజీ, 175 గేట్లు. మా పిల్లలు చిన్నప్పుడు లెక్కపెడతామని మొదలెట్టి ముప్ఫై దగ్గర పోట్లాడుకునేవారు.

ఈసారి ఫాల్గుణంలో నాతో వచ్చింది అమ్మ.

నాన్న పోయి ఏడాదైంది. మాఘంలో సంవత్సరీకాలు అయ్యాయి. కొత్తపేట పక్కన మా పల్లెటూళ్ళో, ఆ ఏడాదంతా అమ్మ గడప దాటింది రెండేరెండుసార్లు, రెండూ డాక్టరు దగ్గరికే. ఎవరూ వెళ్ళొద్దనలేదు. ఎవరూ రమ్మననూ లేదు, అదీ సంగతి. శుభలేఖలు తమ్ముడి పేరున వచ్చేవి. శ్రావణమాసంలో పక్కింటి పేరంటానికి పిలుపు మా మరదలి వరకే. పొద్దున్నే ఊరికి బయల్దేరేవాళ్ళకి ఎదురుపడతానేమోనని వీధి అరుగు మీద కూర్చోవడం కూడా మానేసింది. ఒకప్పుడు ఆ అరుగు మీదే కూర్చుని, దారిన పోయే ప్రతి గంపనీ దింపించి బేరమాడిన మనిషి.

రమ్మంటే రాదని తెలిసి, "అప్పడాలు పెట్టుకోవాలే అమ్మా, నా ఒక్కదానివల్ల కాదు" అని ఫోన్ చేశాను. మూడోరోజుకి పెట్టెతో సహా దిగింది. మినప్పిండి కూడా విసిరించుకొచ్చింది పాపం.

మొదటిరోజు ఎక్కడికీ దూరం వెళ్ళలేదు. ఊళ్ళోనే ఉన్న వీరేశలింగంగారి ఇంటికి తీసుకెళ్ళాను. మా రాజమండ్రి వాళ్ళు బంధువుల్ని పుష్కరాలరేవుకి తీసుకెళ్తారు, ఇస్కాన్ గుడికి తీసుకెళ్తారు, ఇక్కడికి మాత్రం అంతగా తీసుకురారు. 1881 డిసెంబరు 11న ఆయన ఈ ఊళ్ళోనే మొదటి వితంతు వివాహం చేయించారు. పెళ్ళికూతురు గౌరమ్మ, చిన్నపిల్ల. వెలివేసినంత పనైంది. వంటవాళ్ళూ నీళ్ళవాళ్ళూ మానేస్తే ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మగారే వంట చేసి, గోదావరి నుంచి నీళ్ళు మోసుకొచ్చుకున్నారు. అమ్మకి ఇవన్నీ చెబుతుంటే వింటూ నిలబడింది. వీరేశలింగంగారి గురించి ఒక్క ప్రశ్నా వెయ్యలేదు. "ఇక్కణ్ణుంచి గోదారి గట్టు ఎంత దూరం ఉంటుందే?" అంది. చెప్పాను. "ఎన్ని బిందెలు పట్టుంటాయో పెళ్ళివారికి" అని, చాలాసేపు ఇంకేమీ మాట్లాడలేదు.

రెండో ప్రయాణం బిక్కవోలుకి. కాలవ రోడ్డు మీద వెళ్ళే కాకినాడ బస్సెక్కాం. 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో ఆడవాళ్ళకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచితం కదా. కండక్టరు ఆధార్ కార్డు చూసి సున్నా టికెట్ కొట్టి ఇచ్చాడు. అమ్మకి నమ్మకం కుదరలేదు. "డబ్బు పుచ్చుకోకుండా టికెట్ ఇచ్చాడేంటే, దిగేటప్పుడు అడుగుతాడా?" అంది. దిగాక కూడా ఆ కాగితం పారెయ్యకుండా పర్సులో దాచింది. ఇప్పుడు ఆవిడ పర్సులో ఆ సున్నా టికెట్లు బొత్తిగా ఉన్నాయి. అడిగితే "ఉండనీవే" అంటుంది.

బిక్కవోలు పేరు గుణగ విజయాదిత్యుడి బిరుదు మీద వచ్చింది, బిరుదాంకుని ప్రోలు. వెయ్యేళ్ళు దాటిన గుళ్ళు కొన్ని ఊళ్ళోనూ, కొన్ని పొలాల్లోనూ ఉంటాయి. చేల గట్టు మీద నడిచి వెళ్తే, పూజా పునస్కారం లేకుండా, చుట్టూ కోతకి రాబోయే వరిచేలతో నిలబడి ఉంటుంది గుడి. టికెట్టు లేదు, క్యూ లేదు. చుట్టాలు అడిగే రాజధాని అదేననిపిస్తుంది నాకు. ఊళ్ళో ఉన్న పెద్ద వినాయకుడి చెవిలో కోరిక చెప్పుకోవడం ఇక్కడి ఆచారం. అమ్మ వంగి చెప్పింది. ఏం చెప్పిందో మరి, చాలా పొడుగ్గానే చెప్పింది. వెనక నిలబడినాయన రెండుసార్లు దగ్గాడు.

ఆ రోజే ద్రాక్షారామం కూడా చూశాం. రెండంతస్తుల గర్భగుడి, పై అంతస్తుకెక్కితేగాని భీమేశ్వరుడి శిరస్సు కనబడదు. అమ్మ మోకాళ్ళకి ఆ మెట్లు చాలా ఎక్కువ. నేను అక్కడ చూడమనేది గోడల్నీ స్తంభాల్నీ. శాసనాలు చాలా ఉన్నాయి. అఖండదీపానికి నెయ్యి కోసం గొర్రెల్నీ ఆవుల్నీ రాసిచ్చినవాళ్ళలో ఆడవాళ్ళూ ఉన్నారు. మనకి ఇంటి పన్ను రసీదు మీద కూడా పేరుండదు, వాళ్ళ పేర్లు రాతిమీద ఉన్నాయి.

అసలు చెప్పాలనుకున్నది మూడో ప్రయాణం గురించి. ర్యాలి, పలివెల. ఒకమాట, ఈ వైపు శనివారం మాత్రం పెట్టుకోకండి. వాడపల్లి వెంకన్నకి ఏడు శనివారాల మొక్కులవాళ్ళతో ఆత్రేయపురం దారులన్నీ కిటకిటలాడతాయి. మేం బుధవారం వెళ్ళాం. అమలాపురం బస్సెక్కి, జొన్నాడ దగ్గర గౌతమి వంతెన మీద అమ్మ కిటికీలోంచి రూపాయి వేసి దణ్ణం పెట్టుకుని, రావులపాలెంలో దిగి ఆటో పట్టుకున్నాం.

ర్యాలిలో జగన్మోహినీ కేశవస్వామి. నల్లరాతి విగ్రహం, నిలువెత్తు మనిషికి కాస్త తక్కువ. ముందునుంచి విష్ణుమూర్తి, వెనక్కి వెళ్తే మోహిని. పూజారిగారు దీపం పట్టుకుని వెనకవైపు చూపిస్తారు. ముడి, పిక్క మీద పుట్టుమచ్చ, అంతా చెక్కాడు శిల్పి. శివుడు మోహిని వెంటపడుతుంటే ఆవిడ జడలోంచి పువ్వు రాలిన చోటు కాబట్టి ర్యాలి అయిందని చెబుతారు. స్వామి పాదాల దగ్గర నీరు ఊరుతూనే ఉంటుంది. అమ్మ ఆ ముడి దగ్గర చాలాసేపు ఆగిపోయింది. "ఎంత బాగా చుట్టాడే, నాలుగు వేళ్ళతో తిప్పి దోపినట్టుంది" అంది.

బయట పూలమ్మే ఆవిడ దగ్గర నేను రెండు మూరల మల్లెలు కొన్నాను. ఆవిడ కత్తిరించి ఒక మూర నాకిచ్చి, రెండోది అమ్మకి అందిస్తూ, "పెట్టుకోండమ్మా, దేవుడి దగ్గరికొచ్చి బోడితలతో ఏంటి" అంది, నవ్వుతూనే. పాపం ఆవిడకేం తెలుసు. అమ్మ స్టిక్కరు బొట్టు పెట్టుకుంటుంది, చేతులకి చెరొక గాజు ఉంచుకుంది, పూలొక్కటే మానేసింది. అదీ ఎవరూ చెప్పలేదు. పదకొండోరోజున పెద్దలు తీసినవి తీశాక, మిగిలినవి తనే తీసేసుకుంది. నేను ఏదో అనబోయేలోగా అమ్మ ఆ మూర తీసుకుని, తడి రుమాల్లో చుట్టి, సంచిలో పెట్టుకుంది. పూలావిడకి "చల్లగా ఉండు తల్లీ" అంది.

దారిలో ఒకింట్లో పూతరేకులు తీస్తుంటే ఆగాం. 2023లో ఆత్రేయపురం పూతరేకుకి భౌగోళిక గుర్తింపు వచ్చింది, పేపర్లనిండా రాశారు. బోర్లించిన కుండ కింద సెగ, బియ్యప్పిండి నీళ్ళలో ముంచిన గుడ్డతో ఒక్క తుడుపు, రెప్పపాటులో రేకు లేస్తుంది. ఆ సెగ ముందు పొద్దున్నుంచీ కూర్చున్నది మాత్రం ఆడవాళ్ళే. అమ్మ కొనలేదు, ఆ పిల్ల చేతులు చూసి "బర్నాలు రాసుకుంటున్నావా?" అని అడిగింది.

ఇంకోటి కూడా చెప్పాలి, మగవాళ్ళు రాసే యాత్రల్లో ఇది ఉండదు. పొద్దున్న బయల్దేరేముందు అమ్మ కాఫీ కూడా తాగలేదు. దారిలో మంచినీళ్ళిస్తే పెదాలు తడుపుకుని ఇచ్చేసింది. ఎందుకో మీకు వేరే చెప్పక్కర్లేదు. కాబట్టి గుళ్ళకంటే ముందు బాత్‌రూములు చూసిపెట్టుకోండి. పెద్ద బస్టాండ్లలో, పెట్రోలు బంకుల్లో, కాస్త పెద్ద హోటళ్ళలో ఆగుతూ వెళ్ళేలా ప్రయాణం అల్లుకోండి. రావులపాలెంలో ఆగి, ఆ పని చూసుకుని, రెండు బొండాలు తాగాకే అమ్మ ముఖం తేటపడింది.

అక్కణ్ణుంచి కొత్తపేట బస్సు, పలివెల. ఇది మా గుడి. కొప్పేశ్వరస్వామి. శివలింగానికి కొప్పు ఉండటం వల్ల ఆ పేరు. అమ్మ పెళ్ళై వచ్చిన దగ్గర్నుంచీ ప్రతి శివరాత్రికీ నాన్నతో వచ్చిన గుడి. నిరుడూ, ఈ ఏడూ రాలేదు. గుమ్మం దగ్గర ఎవరైనా ఎరిగినవాళ్ళు కనపడతారేమోనని కొంగు భుజం చుట్టూ కప్పుకుంది. కనపడ్డారు కూడా. మా వీధి ఆవిడే ఒకావిడ "ఎప్పుడొచ్చారు పిన్నిగారూ" అని పలకరించి, నన్నూ నా తల్లో పూలనీ చూసి వెళ్ళిపోయింది.

మండపంలో కూర్చున్నాక అమ్మ ఆ కథ చెప్పింది. వందసార్లు విన్న కథే. పూజారి దేవుడి కోసం కట్టిన దండ ముందు తన వేశ్య తల్లో పెట్టి, తర్వాత స్వామికి వేసేవాడు. ఒకరోజు రాజుగారికిచ్చిన ప్రసాదం పువ్వుల్లో వెంట్రుక వచ్చింది. అడిగితే "అది స్వామిదే, స్వామికి కొప్పుంది" అని బొంకాడు. తెల్లారి రాజు చూస్తానన్నాడు. భక్తుడి మాట పోకుండా శివుడు నిజంగానే కొప్పు మొలిపించుకున్నాడు. చిన్నప్పుడు ఈ కథని అబద్ధమాడినా దేవుడు కాపాడతాడన్నట్టుగా వినేవాళ్ళం. మా తెలుగు మేడమ్ అయితే భక్తవాత్సల్యం అనేవారు. ఆ రోజు అమ్మ చివర్లో ఒక మాట కలిపింది.

"దాని తల్లో పెట్టి తీసిన పువ్వులు అన్నాళ్ళూ వేయించుకున్నాడే. ఏమీ అనలేదు. వద్దనుకుంటే ముందే అనేవాడు కదా."

నేను ఊఁ అన్నాను. సంచిలో మల్లెల వాసన వస్తోంది. అమ్మ పూలు తీసి తల్లో పెట్టుకుంటుందని మీరనుకుంటున్నారేమో. పెట్టుకోలేదు. నేనూ పెట్టుకోమనలేదు. ఏడాది పట్టి తీసేసుకున్నదాన్ని ఒక్క పూటలో పెట్టించడానికి నేనెవర్ని? ఇంటికొచ్చాక ఆ మూర ఫ్రిజ్‌లో పెట్టింది. మర్నాడు పొద్దున్న నేను లేచేసరికి ఫ్రిజ్‌లో లేదు, దేవుడి గూట్లోనూ లేదు. వెతకలేదు.

తిరిగి వచ్చేటప్పుడు కడియపులంకలో దిగి నర్సరీల్లో గంటసేపు తిరిగాం. అమ్మ ఒక్కో మొక్క ఆకు తిప్పి చూసి, చివరికి ఒక దొంతరమల్లె మొక్క కొంది, బేరమాడి మరీ. ఆ బేరం వింటుంటే నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఏడాదైంది ఆ గొంతు విని.

ఆ రాత్రే అమలాపురం నుంచి మా మేనత్త ఫోను. పలివెలలో కనిపించినావిడ ద్వారా కబురు అప్పుడే అందిపోయింది. స్పీకర్లో పెట్టక్కర్లేదు, మా అత్త గొంతు అలాంటిది. "ఏడాది తిరిగిందో లేదో షికార్లేంటి వదినా, నలుగురూ ఏమనుకుంటారు?" అంది. నాకు ఒళ్ళు మండింది. ఫోను లాక్కుందామనుకున్నాను. అమ్మ చెయ్యడ్డం పెట్టింది.

"అంతర్వేది రథం కాలిపోయి కొత్తది చేశారు కదే, 2021లో. మీ అన్నయ్య చూపిస్తానన్నాడు, పడనేలేదు. కాలవలు కట్టేసేలోపు వెళ్దామనుకుంటున్నాం. ఇక్కణ్ణుంచి దూరం, ఒక్కరోజులో అవ్వదు. మీ ఇంట్లో రాత్రి పడుకుని, పొద్దున్నే రాజోలు బస్సెక్కుతాం. నువ్వూ బయల్దేరు. ఆడవాళ్ళకి టికెట్ లేదు."

అటు కాసేపు చప్పుడు లేదు. తర్వాత అత్త, "పులిహోర కలపనా, దద్దోజనమా?" అంది.

"ఏదీ వద్దు. పొద్దున్నే లేచి పొయ్యి దగ్గర నిలబడకు. అక్కడే ఏదో తిందాం."